మట్టం తప్పని బల్ల

ఈ బల్ల పైభాగానికి రంగు లేదు. కాళ్ళకూ చట్రానికీ రెడ్ ఆక్సైడ్ వేసి, దాని మీద బూడిదరంగు ఎనామిల్ రెండు పూతలు పూశారు. పైన పరిచిన పలక మాత్రం ఉత్త ఇనుము. నూనె గుడ్డతో తుడవగా తుడవగా నల్లబడి నిగనిగలాడుతూ ఉంటుంది. పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 750, మందం 12. మన లెక్కలో ఇంచుమించు నాలుగడుగులు, రెండున్నర అడుగులు, అర అంగుళానికి కాస్త తక్కువ. ఆ పలక ఒక్కటే 85 కిలోలు. కింది చట్రం, కాళ్ళు, అడ్డకమ్మీలు కలుపుకుంటే మొత్తం 150 కిలోలకు పైమాటే. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, ఒక ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద నిలబడి ఉంది. చేసిన మేస్త్రి గారికి చేపల చెరువుల ఏరియేటర్లు బాగుచెయ్యడం, తూము తలుపులు, ట్రాక్టరు దమ్ము చక్రాలు కట్టడం రోజువారీ పని. ఈ బల్ల ఎవరూ ఆర్డరిచ్చింది కాదు. తన చేతి కింద ఉండడానికి తాను చేసుకున్నది. అందుకే ఇందులో ఎక్కడా తొందర కనిపించదు.

ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ వెల్డింగు పని ఎక్కువగా నేల మీదే జరుగుతుంది. రోడ్డు వారగా గేటో గ్రిల్లో పరిచి, కుర్రాడు గొంతుక్కూర్చుని రాడ్డు కాలుస్తుంటాడు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. వాళ్ళ చేతుల్లోంచి వచ్చిన గేట్లు ఈ ఊళ్ళలో వీధి వీధినా ఏళ్ళ తరబడి తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయి. గేటులో కొద్దిపాటి మెలి ఉన్నా బందుల దగ్గర సర్దుకోవచ్చు. కానీ చేపల చెరువులు వచ్చాక ఈ ప్రాంతంలో ఇనుముతో చెయ్యాల్సిన పనులే మారిపోయాయి.

ఏరియేటర్‌నే తీసుకోండి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఆ వేళకు చేప నోరు పైకి పెట్టకుండా చూడడం దీని పని. నడుమ ఒక మోటారు, గేరు పెట్టె, రెండు పక్కలకూ పొడుగాటి షాఫ్టు, షాఫ్టుకు రెక్కల చక్రాలు, చివర్లలో నైలాను బుష్షులు. షాఫ్టు నిమిషానికి సుమారు నూరు చుట్లు తిరుగుతుంది. వీటన్నిటినీ మోసే స్టెయిన్‌లెస్ చట్రం తెప్పల మీద తేలుతూ ఉంటుంది. ఆ చట్రం రవ్వంత మెలి తిరిగిందంటే గేరు పెట్టె మధ్యగీత ఒకవైపు, బుష్షు మధ్యగీత ఇంకోవైపు చూస్తాయి. రాత్రంతా తిరిగే యంత్రంలో ఆ తేడా బుష్షును తినేస్తుంది, షాఫ్టును ఊపుతుంది, చివరికి మోటారు కాలుతుంది. పైగా స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఇనుము కన్నా మొండిది. ఇనుము ఒక వంతు పెరిగే వేడికి అది దాదాపు ఒకటిన్నర వంతు పెరుగుతుంది, వేడిని తొందరగా పక్కకు పోనివ్వదు. అంటే వెల్డు పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. దాన్ని నేల మీద పెట్టి, కాలితో తొక్కి పట్టుకుని అతకడం కుదరదు. చదునైన, బరువైన, కదలని దాని మీద క్లాంపులతో బిగించి అతకాలి. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో ఎలివేటరు కాళ్ళు, మోటారు బేసులు చేసేవాళ్ళకూ ఇదే అవసరం. దమ్ము చక్రానికి రెండు పక్కలా ఉండే ఇనుప వలయాలు ఒకదానికొకటి సమాంతరంగా నిలవకపోతే ట్రాక్టరు చేలో ఊగుతుంది.

కొల్లేరు సరస్సు చుట్టూ ఇనుము అతికే పని ఎంత దూరం పాకిందో చెప్పాలంటే ఒక్క ఆటపాక చాలు. అక్కడి పక్షుల కేంద్రంలో చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. గూడబాతులు వాటి మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తున్నాయి.

బల్ల గట్టిదనం అనగానే చాలామంది ఇనుము మందం గురించి మాట్లాడతారు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఈ బల్ల చట్రానికి వాడింది 75 మిల్లీమీటర్ల చానల్. పొడుగు వైపు రెండు చానళ్ళ మీద కలిపి నట్టనడుమ 200 కిలోల మోటారు తెచ్చి పెట్టినా అవి వంగేది మిల్లీమీటరులో అయిదో వంతు లోపే. మోటారు దించితే ఆ వంపూ పోతుంది. అదే చట్రంలో ఒక మూల అతుకు అర డిగ్రీ పక్కకు తిరిగిందనుకోండి, మీటరు దూరం వెళ్ళేసరికి అది దాదాపు 9 మిల్లీమీటర్ల తేడా. అది ఏ బరువు దించినా పోదు. బల్ల మీద రేపు పెట్టబోయే బరువు కన్నా, బల్ల కట్టేటప్పుడు మనం పెట్టే వెల్డే దాన్ని ఎక్కువ వంచుతుంది. ఈ మేస్త్రి గారి నేర్పంతా ఆ సంగతిని మొదటినుంచీ మనసులో పెట్టుకుని పనిచెయ్యడంలో ఉంది.

వేడి ఎందుకు లాగుతుందో కొంచెం విడమర్చి చెప్పుకోవాలి. మీటరు పొడవున్న ఇనుప కమ్మీ నూరు డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అడ్డు లేకపోతే చల్లారాక మళ్ళీ మొదటి కొలతకే వస్తుంది. రెండు చివరలా కదలకుండా బిగిస్తే పెరగడానికి చోటు లేక తనలో తనే నలుగుతుంది. మన ఇనుప కొట్లలో దొరికే మామూలు రకం, ఐఎస్ 2062 ఈ250, చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల ఒత్తిడి దాటితే శాశ్వతంగా రూపు మారుతుంది. అంత ఒత్తిడి రావడానికి, బిగించి ఉన్న ఇనుము నూరు డిగ్రీలకు కాస్త పైగా వేడి పెరిగితే చాలు. వెల్డు దగ్గర ఇనుము కరిగేది 1500 డిగ్రీల దరిదాపుల్లో. చుట్టూ ఉన్న చల్లటి ఇనుమే దానికి బిగింపు. వేడెక్కిన భాగం పెరగలేక నలిగి, చల్లారాక కురచై, పక్కనున్నదాన్నంతా తనవైపు గుంజుతుంది. దీన్ని ఎవరూ ఆపలేరు. రెండు వైపులా సమానంగా గుంజేలా చెయ్యగలరు, గుంజే వెల్డును తగ్గించగలరు, ఎంత గుంజుతుందో ఊహించి ముందే అంత ఎడంగా పెట్టగలరు. "లాగుద్దండి, ఆపలేం. ఎటు లాగుద్దో తెలిస్తే దానికి ఎదురు ఇంకోటి పెడతాం," అన్నారు మేస్త్రి గారు. ఈ బల్లలో ప్రతి అతుకూ ఆ మాటకు సాక్ష్యం.

అయితే ఒక చిక్కు. చదునైన బల్ల ఉంటే దాని మీద పెట్టి చదునైన చట్రం అతకొచ్చు. బల్లే లేనప్పుడు మొదటి చట్రాన్ని ఎక్కడ పెట్టి అతకాలి? సిమెంటు నేల కంటికి చదునుగానే ఉంటుంది. రూళ్ళకర్ర ఆనించి చూస్తే కిందనుంచి నాణెం దూరిపోతుంది. ఇక్కడ ఆయన తాపీ మేస్త్రుల విద్యను అరువు తెచ్చుకున్నారు. పెరట్లో నాలుగు ఇటుక దిమ్మెలు కట్టి, ఒక్కోదాని నెత్తిన చిన్న ఇనుప ముక్క సిమెంటులో కూర్చారు. లింటలు పోసేటప్పుడు మట్టం చూడ్డానికి వాడే సన్నటి పారదర్శకపు పైపులో బుడగ లేకుండా నీళ్ళు నింపి, నాలుగు దిమ్మెలనూ ఆ నీళ్ళ అంచుకు సరిపెట్టారు. మట్టం చూడ్డానికి నీటికి మించిన తీర్పరి లేదు. కొల్లేటి ప్రాంతంలో ఆ సంగతి చట్టానికీ ఎక్కింది. 1999లో ప్రకటించిన అభయారణ్యానికి హద్దు సముద్రమట్టం మీద అయిదడుగుల కాంటూరు గీత, లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఒక అడుగు ఎత్తు తేడా ఎన్ని కుటుంబాల బతుకును అటో ఇటో చెయ్యగలదో ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

నీళ్ళ పైపుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల వరకు తెలుస్తుంది. అంతకన్నా సన్నటి తేడాకు ఆయన దారం వాడారు, అది కూడా వలలు అల్లే నైలాను దారం. చట్రం నాలుగు మూలల మీదా ఒకే మందం ఉన్న నాలుగు నట్లు పెట్టి, ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు బిగలాగి కట్టారు. రెండు దారాలూ నడుమ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే చట్రంలో మెలి లేదు. పైదారం కిందిదాన్ని నొక్కినా, రెండింటి మధ్య వెలుతురు కనిపించినా ఏదో ఒక మూల లేచిందన్నమాట. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను ట్యాకులు, అంటే తాత్కాలికపు చిన్న అతుకులు వేశాక ఒకసారి, ప్రతి మూలా అతికాక ఒకసారి చేశారు. మూలలు లంబంగా ఉన్నాయో లేదో చూడ్డానికి కర్ణాలు కొలిచారు. చట్రం 1100, 650 మిల్లీమీటర్లు. కర్ణం 1278కి కాస్త తక్కువ రావాలి. రెండు కర్ణాలూ సమానమైతే మూలలు నాలుగూ మట్టంగా ఉన్నట్టే.

మూలమట్టాన్ని కూడా ఆయన గుడ్డిగా నమ్మలేదు. పలక అంచుకు ఆనించి ఒక గీత గీసి, మూలమట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గీశారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మూలమట్టం నిజం. కొసన విడిపోతే, కనిపించే ఎడంలో సగం దాని తప్పు. ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ 1840లో పండితుల సభకు వివరించిన పద్ధతి కూడా ఈ జాతిదే. రెండు పలకల్ని ఒకదానికొకటి రుద్ది సరిపెడితే ఒకటి పొట్టగా, రెండోది గుంటగా ఉండి కూడా అతుక్కుపోవచ్చు. మూడో పలకను తెచ్చి, మూడూ ఒకదానితో ఒకటి ఏ జతగా పెట్టినా సరిపడేలా చేస్తే అవి చదునుగా ఉండక తప్పదు. యంత్ర పరిశ్రమలో సూక్ష్మమైన కొలతకు ఇలాంటి పనే పునాది. కొలిచే పనిముట్టు తప్పును ఆ పనిముట్టుతోనే ఎలా పట్టుకోవాలన్న ఆ యుక్తి, ఏ యంత్రమూ లేని పెరట్లో ఒక మూలమట్టం తిరగేసినప్పుడు కూడా పనిచేస్తుంది.

ఇక చట్రం. చానళ్ళ చివరలు 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలిపారు. రెండంచుల్నీ గ్రైండరుతో వాలుగా చెక్కి, వెల్డు లోతుకు దిగేలా వి ఆకారపు గాడి చేశారు. పైభాగంలో వెల్డు ఉబ్బుగా మిగిలితే పలక దాని మీద కూర్చుని ఊగుతుంది. అందుకే గాడి నింపి, పైది చానల్‌తో సమంగా గ్రైండు చేశారు. వేలితో రాసి చూస్తే అతుకు ఎక్కడుందో తెలియదు. ఇనుము గాడిలో నిండుగా ఉంది గనక, పైన అరగదీసినా బలం పోలేదు. వి గాడి చెయ్యకుండా పైపైన పూసి అరగదీసే అతుకులు చాలా చూస్తాం. అవి రంగు కింద దాక్కున్న పగుళ్ళు.

అతికిన వరస ఇంకా ముచ్చటగా ఉంటుంది. ముందు నాలుగు మూలలా చిన్న ట్యాకులు, ఎదురెదురు మూలలకు జతగా. కర్ణాలు కొలిచాక బయటి నిలువు అతుకు ఒక మూల సగం, వెంటనే ఎదురు మూల సగం. బయటి వెల్డు మూలను విప్పారేలా లాగుతుంది, లోపలి వెల్డు మూసుకునేలా లాగుతుంది. కాబట్టి బయటా లోపలా కొంచెం కొంచెంగా మార్చి మార్చి వేశారు. పైఅంచు వెల్డు చట్రం మూలల్ని పైకెత్తుతుంది. అందుకని చట్రాన్ని బోర్లించి కింది అంచుకూ అంతే వెల్డు పెట్టారు. వాడింది 3.15 మిల్లీమీటర్ల ఈ6013 రాడ్డు, 110 ఆంపియర్ల దగ్గర. ప్రతి అతుకు తర్వాతా చెయ్యి ఆనించగలిగేంత చల్లారేదాకా ఆగారు. ఈ ఆగడాన్ని నేను అన్నిటికన్నా మెచ్చుకుంటాను. కూలి లెక్కన చేసే పనిలో ఎవరూ ఇంతసేపు ఆగనివ్వరు.

చదరపు పైపు కాకుండా చానల్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. మెలిని తట్టుకోవడంలో మూసి ఉన్న పైపే మేలు. తెరిచి ఉన్న చానల్ బరువుకు వంగదు గానీ మెలి తిప్పితే తిరుగుతుంది. మేస్త్రి గారికి అది తెలుసు. అయినా ఈ నీళ్ళ దేశంలో పైపు లోపలికి ఎక్కడో సూదిబెజ్జమంత సందులోంచి తేమ చేరి, లోలోపల తుప్పు తినేస్తే బయటికి కనపడదు. చానల్‌కు రెండు వైపులూ కంటి ముందే ఉంటాయి, ఎప్పుడంటే అప్పుడు గీకి రంగు వేసుకోవచ్చు. మెలి సంగతికి విడిగా మందు వేశారు. నడుమ రెండు అడ్డ చానళ్ళు, వాటి మధ్య ఒక ఐమూల కమ్మీ, కాలు చట్రాన్ని కలిసే ప్రతి మూలా త్రికోణపు గసెట్ ప్లేటు. కాళ్ళు 65 మిల్లీమీటర్ల యాంగులర్, 6 మందం. నేలకు అరడుగు పైన 50 యాంగులర్‌తో నాలుగు వైపులా కట్టు. ముందువైపు కట్టును మాత్రం జానెడు లోపలికి జరిపారు. నిలబడి పనిచేసేవాడి పాదాలకు చోటు కావాలి కదా.

పలక కోసం ఆయన చాలా రోజులే తిరిగారు. మన విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలు, యాంగులర్లు, చానళ్ళ వంటి పొడుగు సరుకు చేస్తుంది గానీ వెడల్పు పలకలు చెయ్యదు. అవి భిలాయి, రూర్కెలా వంటి చోట్లనుంచి రావాలి. కొత్త పలక నిండుగా కొంటే చాలా మిగిలిపోతుంది. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో కోతల్లో మిగిలిన ముక్కలు వెతికారు. గ్యాసుతో కోసిన ముక్కలు పక్కన పెట్టారు. కోసిన అంచు వేడికి కురచై పలకనంతటినీ వంచి ఉంటుంది. షియరింగ్ యంత్రం కోసిన ముక్కల్లో ఒకదాన్ని, మీటరు పట్టీ అటూ ఇటూ ఐమూలగా ఆనించి, కిందనుంచి వెలుతురు చూసి ఏరుకున్నారు. దానికీ నడుమ మిల్లీమీటరుకు దగ్గరగా పొట్ట ఉంది. ఆ పొట్టను పైకి పెట్టారు. ఎందుకో వెంటనే చెబుతాను.

పలకను చట్రానికి వెల్డు చెయ్యలేదు. ఈ బల్లలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఇదే. చాలామంది ఇక్కడే చేసిందంతా చెడగొట్టుకుంటారు. చదునైన పలకను తెచ్చి, చట్రం మీద పెట్టి, బలంగా ఉండాలని కిందనుంచి నాలుగు వైపులా పొడుగునా అతికేస్తారు. చల్లారేసరికి అతుకు వెంబడి పలక కిందికి గుంజుకుపోయి నడుమ ఉబ్బుతుంది. దాన్ని మళ్ళీ చదును చెయ్యడం ఇంటి షెడ్డులో ఎవరి వల్లా కాదు. ఈ మేస్త్రి గారు చానల్ లోపలి గోడలకు ఎనిమిది చోట్ల, అడ్డ చానళ్ళకు రెండు చోట్ల మందపాటి ఫ్లాటు ముక్కలు చెవుల్లాగా అతికారు. వాటిలో గుండ్రటి రంధ్రానికి బదులు కోల రంధ్రం. పలకకు ఎదురుగా రంధ్రాలు చేసి ట్యాపుతో 12 మిల్లీమీటర్ల మర తీశారు. కిందనుంచి బోల్టు ఎక్కి పలకను చట్రానికి గుంజుతుంది, కొస పైకి రాకుండా మిల్లీమీటరు కిందే ఆగుతుంది. నడిమి రెండు బోల్టులూ పొట్టను కిందికి లాగి చదును చేస్తాయి. ఎక్కడైనా సందుంటే టిన్ను రేకు ముక్క దోపి సరిచేశారు. బల్ల మీద ఎడతెగకుండా పనిచేస్తున్నప్పుడు పలక వేడికి పెరిగితే కోల రంధ్రాల్లో జరుగుతుంది, చట్రాన్ని వంచదు. నేను చూసినప్పుడు మీటరు పట్టీ కింద 0.3 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు ఎక్కడా దూరలేదు. ఇంట్లో చేసిన, మిల్లింగు యంత్రం ముఖం చూడని బల్లకు ఇది చాలా గొప్ప కొలత.

రంధ్రాల కొలతలు నడిగీతకు అటూ ఇటూ సరిసమానం. పైముఖం గ్రైండరు గాట్లతో, చిందిన వెల్డు గుళ్ళతో పాడైపోయిన రోజున పది బోల్టులూ విప్పి పలకను తిరగేయొచ్చు.

పలక చట్రం కన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు బయటికి ఉంటుంది. చూడ్డానికి ఏమీ కాని ఆ రెండు అంగుళాలే బల్లను పనిముట్టుగా చేస్తాయి. సీ క్లాంపు దవడ కిందికి వెళ్ళి పట్టుకోవడానికి చోటు అక్కడే. జర్మనీ నుంచి వచ్చే ఖరీదైన వెల్డింగు బల్లలకు పైన నిండా 28 మిల్లీమీటర్ల రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల దూరంలో వరసలుగా ఉంటాయి. ఏ చోటైనా పిన్ను గుచ్చి బిగించుకోవచ్చు. ఒకే వస్తువును వందల్లో చేసే ఫ్యాక్టరీకి అది అవసరం. ఇక్కడ ఒక అంచు వెంబడి మాత్రం 16 మిల్లీమీటర్ల రంధ్రాల వరస ఒకటి ఉంది. ఏరియేటర్ చట్రాలు బిగించేది ఆ వైపే. మిగతా పలక నిండుగా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ప్రతి రంధ్రంలోంచీ నిప్పు రవ్వలు కిందికి రాలతాయి, చిన్న నట్టు పడితే దొరకదు.

అంచు పొడుగునా నూరు మిల్లీమీటర్లకు ఒక పంచి చుక్క, నడుమ ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, ఒక 45 డిగ్రీల గీత చెక్కి ఉన్నాయి. సుద్దతో రోజూ గీసుకునే పని తప్పింది. వెల్డు గుళ్ళు అంటుకోకుండా పని మొదలుపెట్టే ముందు పల్చగా సున్నపు నీళ్ళు పూస్తారు. స్టెయిన్‌లెస్ పని వచ్చినప్పుడు పలక మీద నేరుగా పెట్టరు. ఇనుప రజను దానికి అంటుకుంటే చెరువులోకి దిగిన కొన్నాళ్ళకే ఆ చోట తుప్పు మరకలు లేస్తాయి. అందుకని స్టెయిన్‌లెస్ ఫ్లాటు ముక్కలు నాలుగు, ఒకే మందానివి, విడిగా దాచి ఉంచారు. వాటి మీద చట్రం పెట్టి బిగిస్తారు. స్టెయిన్‌లెస్ పనికి బ్రష్షు వేరు, గ్రైండింగు చక్రం వేరు.

నేల గురించి చెప్పకపోతే ఈ ఊళ్ళవాళ్ళు ఒప్పుకోరు. డెల్టా మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. మీద వేసిన సిమెంటు నేల దానితోపాటే కదులుతుంది. అందుకే ప్రతి కాలి కిందా 10 మిల్లీమీటర్ల పలక, దానికి అతికిన నట్టులో 20 మిల్లీమీటర్ల బోల్టు, బోల్టు కింద విడిగా ఒక మందపాటి బిళ్ళ. వానాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి రసమట్టం పెట్టి బోల్టులు తిప్పి సరిచేసుకుంటారు. ఎత్తు 870 మిల్లీమీటర్లు, మేస్త్రి గారి మోచేతికి కొంచెం కింద. ఇంకొకరి బల్లకు ఇంకో ఎత్తు ఉండాలి. ఈ ఒక్క కొలతనూ ఎవరూ కాపీ కొట్టకూడదు.

ఇంటి కరెంటు మీద నడిచే షెడ్డు కాబట్టి మెషీను 200 ఆంపియర్ల ఇన్వర్టరు. 110 ఆంపియర్ల దగ్గర రాడ్డు కాలుతున్నప్పుడు అది లైనులోంచి ఇరవై ఆంపియర్ల దాకా గుంజుకుంటుంది. ఫ్యానుకూ బల్బుకూ వేసిన సన్నటి తీగ మీద అంత లాగకూడదు. మీటరు నుంచి విడిగా మందపాటి తీగ, విడి ఎమ్‌సీబీ వేయించారు. బల్ల కింద చట్రానికి కాక పలకకే ఒక ఇత్తడి బోల్టు బిగించి, చుట్టూ శుభ్రంగా గీకి, ఎర్త్ తీగ శాశ్వతంగా కలిపారు. పలక మీద పెట్టిన ప్రతి వస్తువుకూ ఎర్త్ దానంతట అదే అందుతుంది. రంగు పూసిన అంచుకు క్లాంపు తగిలించి, ఆర్కు నిలవడం లేదని రాడ్డును తిట్టుకునే పని లేదు.

రాడ్లకు కింది అరలో ఒక రేకు పెట్టె, అందులో సన్నగా వెలిగే పాతకాలపు బల్బు. శ్రావణ భాద్రపదాల్లో ఇక్కడి గాలి పిండితే నీళ్ళు కారేలా ఉంటుంది. రాడ్డు పూత ఆ తేమను పీల్చుకుంటే ఆర్కు చిటపటలాడుతుంది, వెల్డులో బుడగలు మిగులుతాయి. ఈ6013కి ఈ మాత్రం వెచ్చదనం సరిపోతుంది. ఈ7018 లాంటి రాడ్లయితే వాడేముందు 300 డిగ్రీలకు పైన కాల్చి ఆరబెట్టాలి. ఆ పని ఇక్కడ పెట్టుకోలేదు. అరను పలకతో మూసెయ్యకుండా, వేలెడు సందుతో యాంగులర్ ముక్కలు పరిచారు. నిప్పు రవ్వ ఆగి రాజుకోవడానికి చోటు ఉండకూడదు, నూనె గుడ్డలు అక్కడికి చేరకూడదు.

ఒక్క చోట మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. బెంచి వైసును కుడిచేతి మూల, కాలికి సరిగ్గా పైన పెట్టారు. బరువు నేరుగా కాలి మీద దిగడానికి అది సరైన చోటే. కానీ పొడుగాటి పైపు పరిచినప్పుడల్లా వైసు అడ్డొస్తుంది. వైసును బోల్టులతో బిగించారు గనక విప్పి తీసెయ్యొచ్చునని ఆయన వాదన. ఆ బోల్టులు విప్పడానికి పట్టే వ్యవధిలో ఏ మనిషైనా సర్దుకుపోయి, పైపును వంకరగానే పెట్టి అతికేస్తాడన్నది నా భయం. వైసుకు విడిగా ఒక స్తంభం పాతితే సరిపోయేది.

ఇప్పుడు ఆయన కొడుకు రెండో బల్ల కడుతున్నాడు. చెరువు గట్టు మీదికి తీసుకుపోవడానికి పనికొచ్చేలా 900, 600 మిల్లీమీటర్ల కొలత, 10 మందం పలక, అది 42 కిలోలు. ఇద్దరు ఎత్తి ఆటోలో పెట్టుకోవచ్చు. కాళ్ళు మడిచేవి. వైసు లేదు. ఈసారి ఇటుక దిమ్మెలూ నీళ్ళ పైపూ అవసరం పడలేదు. కొత్త చట్రాన్ని బోర్లా ఈ పలక మీదే పెట్టి, మూలమూలా క్లాంపులు బిగించి అతికాడు. నాలుగు మూలలూ పూర్తయ్యాక క్లాంపులు విప్పి దారాలు కట్టి చూస్తే ఒక మూల వెంట్రుకవాసి లేచింది. "నాన్నా, సరిపోద్దా?" అంటే, "అడ్డకమ్మీ ఇంకా ఏసుకోలేదు కదరా. లేచిన మూలకి అటూ ఇటూ ఉన్న మూలల కింద రేకు పెట్టి, లేచినదాన్ని ఎదురుకి కొంచెం వంచి బిగించి అప్పుడు అతుకు," అన్నారు. అడ్డకమ్మీ కోసి, అంచులకు వి గాడి చెక్కి పక్కన పెట్టుకున్నారు. ఓల్టేజి నిలకడగా ఉంటుందని, దాన్ని రేపు పొద్దున్నే అతుకుతారట.